ప్రాగ్‌లో పిల్లలతో, పెద్దలతో



ఈ పూట మిమ్మల్ని ప్రాగ్ నగరానికి తీసుకెళ్తాను. చెక్ దేశానికి రాజధాని. మ్యాపు తెరిచి చూస్తే యూరపు నడిబొడ్డున కనిపిస్తుంది. లండన్, ప్యారిస్ పేర్లు విన్నంతగా మనం ప్రాగ్ పేరు విని ఉండం. కానీ ఆ దేశం మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చింది. బడులు తెరిచే ముందు పిల్లల బూట్లకి మన పెద్దవాళ్ళు వెళ్ళింది ఎక్కడికి? బాటా షాపుకి. ఆ బాటా మొదలైంది చెక్ దేశంలోనే, జ్లీన్ అనే ఊళ్ళో, 1894లో. జావా మోటారు సైకిలు గుర్తుందా? అది వీధి మలుపు తిరగకముందే ఎవరొస్తున్నారో ఇంట్లోవాళ్ళకి తెలిసిపోయేది. ఆ జావా పుట్టింది ప్రాగ్‌లో, 1929లో. తర్వాత మైసూరులో తయారైంది, యెజ్డీ అయింది.

ఇంకొకటి కూడా ఉంది. హైదరాబాదు పక్కన రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం ఉంది కదా. 1960లలో దాన్ని కట్టినప్పుడు సాంకేతిక సాయం అందించింది అప్పటి చెకోస్లోవేకియా. మా నాన్న అక్కడే పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు మా ఇంట్లో చెకోస్లోవేకియా అన్న మాట రోజూ వినిపించేది. ఫలానా యంత్రం చెకోస్లోవేకియాది, ఫలానా డ్రాయింగు అక్కణ్ణించి వచ్చింది అని. ఇప్పుడు ఆ పేరుతో దేశమే లేదు. 1993 జనవరి 1న చెక్, స్లోవాక్ అని రెండు దేశాలైపోయింది. అయినా నాన్న నోట ఇప్పటికీ పాత పేరే వస్తుంది.

మా తమ్ముడు జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవల్లో వాడి దగ్గరికి వెళ్ళాం. అమ్మ, నాన్న, నేను, మావారు, మా ఇద్దరు పిల్లలు. పాప ఏడో తరగతి. బాబు రెండో తరగతి. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కి రైల్లో రెండు గంటల పైచిలుకు. ఆ దారి చాలా అందంగా ఉంటుంది. ఎల్బె నది పక్కనే పట్టాలు. నదికి అటూ ఇటూ ఇసుకరాతి కొండలు, నిలువునా చెక్కినట్టుంటాయి. మమ్మల్ని ఎక్కడా ఆపి పాస్‌పోర్టు అడగలేదు. ఒకప్పుడు తనిఖీలుండే సరిహద్దు అది. ఇప్పుడు స్టేషన్ల పేర్ల మీద అక్షరాల తీరు మారితే తప్ప దేశం మారిందని తెలియదు.

రైలు ప్రాగ్ పెద్ద స్టేషన్‌లో ఆగింది. సామాన్లు దించుకున్నాం. సాధారణంగా అందరూ వెంటనే బయటికి నడుస్తారు. మీరు వెళ్తే మాత్రం ఒక్క పది నిమిషాలు స్టేషన్‌లోనే ఆగండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళండి.

అక్కడ ఒక విగ్రహం ఉంది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మనిషి. చంకలో ఒక చిన్న పిల్లవాడు. పక్కన ఒక ఆడపిల్ల. దగ్గరలో ఒక పెట్టె. ఆ మనిషి పేరు నికొలస్ వింటన్. లండన్‌లో షేర్ల వ్యాపారంలో ఉన్న ఇంగ్లీషువాడు. 1938 డిసెంబరులో స్విట్జర్లాండు వెళ్ళి మంచు మీద ఆటలాడుకుందామనుకున్నాడు. స్నేహితుడు పిలిస్తే ఆ ప్రయాణం మానుకుని ప్రాగ్ వచ్చాడు. అప్పటికే హిట్లర్ ఈ దేశంలో ఒక ముక్క లాగేసుకున్నాడు. యూదుల కుటుంబాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ప్రాగ్‌లో తలదాచుకుంటున్నాయి. పెద్దవాళ్ళకి చోటిచ్చే దేశం దొరకడం చాలా కష్టంగా ఉంది. కనీసం పిల్లల్నైనా తప్పించాలనుకున్నారు వింటన్, ఆయనతో పాటు పనిచేసిన మరికొందరు. లండన్‌కి తిరిగి వెళ్ళి, ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క ఇల్లు వెతికి, కాగితాలు పుట్టించి, రైళ్ళు ఏర్పాటు చేశాడు. 1939 మార్చి నుంచి ఆగస్టు దాకా 669 మంది పిల్లలు ఇంగ్లండు చేరారు. మెడలో నంబరు బిళ్ళ, చేతిలో చిన్న పెట్టె. అమ్మానాన్నా ప్లాట్‌ఫారం మీద ఉండిపోయారు.

ఆఖరి రైలు 1939 సెప్టెంబరు 1న బయల్దేరాలి. సుమారు 250 మంది పిల్లలు అందులో వెళ్ళాలి. సరిగ్గా ఆ రోజే యుద్ధం మొదలైంది. ఆ రైలు కదల్లేదు.

ఇంత పని చేసిన మనిషి దాదాపు యాభై ఏళ్ళు ఆ విషయం పెద్దగా ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన భార్య ఇంట్లో ఒక పాత పుస్తకం చూసింది. అందులో పిల్లల పేర్లు, ఫొటోలు ఉన్నాయి. 1988లో బీబీసీ టీవీలో వచ్చాక గానీ లోకానికి తెలియలేదు. 106 ఏళ్ళు బతికి 2015లో పోయాడు.

అదే స్టేషన్‌లో ఇంకో గుర్తు ఉంది. ఆనాటి రైలుపెట్టె తలుపు లాంటి ఒక తలుపు. దానికో అద్దం. ఆ అద్దానికి ఒకవైపు పిల్లల చేతులు, రెండోవైపు పెద్దవాళ్ళ చేతులు. ముఖాలు లేవు, చేతులే. మా బాబు తన చెయ్యి తీసుకెళ్ళి ఆ చిన్న చేతుల పక్కన పెట్టాడు. అమ్మ అటువైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

శ్రోతలారా, నేను చెప్పదల్చుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. పాత ఊరు చూడ్డానికి వెళ్ళినప్పుడు పిల్లలకి అందమొక్కటే చూపించి తీసుకురాకండి. ఆ ఊరు పడ్డ బాధ కూడా చూపించండి. ప్రాగ్ అందమైన ఊరు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఊరు తన చచ్చిపోయినవాళ్ళని దాచిపెట్టుకోలేదు. గోడల మీద రాసుకుంది. నడిచే దారిలో రాళ్ళ మధ్య రాసుకుంది. చూసేవాళ్ళు ఆగాలి, అంతే.

సరే, ఊళ్ళోకి వెళ్దాం. ప్రాగ్‌లో ట్రాములు ఉన్నాయి. ఎర్రటి ట్రాములు, నిమిషాల మీద వస్తాయి. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ట్రామే దిక్కు. ఎందుకంటే పాత వీధులన్నీ రాళ్ళు పరిచిన వీధులు. చూడ్డానికి బాగుంటాయి గానీ మోకాళ్ళకి మంచివి కావు. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. మా అమ్మ చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని ఊరంతా తిరిగింది, హాయిగా.

పాత ఊరి చౌకు. దాని ఒక మూల పాత మునిసిపల్ భవనం. ఆ భవనం గోడకి ఒక గడియారం. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న పాత ఖగోళ గడియారాల్లో ఇది ఒకటి. 1410లో చేశారు. ఒకసారి ఆలోచించండి, 1410. మన దగ్గర శ్రీనాథుడు కావ్యాలు రాస్తున్న కాలం. అప్పుడు బిగించిన చక్రాల్లో కొన్ని ఇప్పటికీ లోపల తిరుగుతున్నాయి.

గంట కొట్టే వేళకి చౌకు నిండా జనం చేరతారు. తలలన్నీ పైకి. మీరు పావుగంట ముందే వెళ్ళి చోటు చూసుకోండి. గడియారం పక్కన ఒక అస్థిపంజరం బొమ్మ. అది మృత్యువు. ఒక చేత్తో తాడు లాగి గంట మోగిస్తుంది. రెండో చేతిలో ఇసుక గడియారం. ఆ పక్కనే అద్దంలో ముఖం చూసుకునే డాంబికుడు, డబ్బు సంచి పట్టుకున్న లోభి, ఇంకొకరు. మృత్యువు గంట మోగిస్తుంటే వీళ్ళు తలలు అడ్డంగా ఊపుతారు, మేం రాం, మేం రాం అన్నట్టు. పైన రెండు కిటికీలు తెరుచుకుంటాయి. ఏసుక్రీస్తు శిష్యులు పన్నెండుమంది ఒకరి వెనక ఒకరు వచ్చి తొంగి చూసి వెళ్తారు. చివర్లో బంగారు కోడిపుంజు కూస్తుంది. అంతే. నిమిషం కంటే తక్కువ. పిల్లలు మళ్ళీ చూద్దామంటారు. మళ్ళీ గంటకి గానీ రాదు.

జనం మాత్రం ఆ బొమ్మలాట అయిపోగానే వెళ్ళిపోతారు. నాకు అది బాధనిపిస్తుంది. అసలు గొప్పదనం ఆ గడియారం పళ్ళెంలో ఉంది. దాన్ని మా ఇంట్లో అందరికంటే బాగా చదివింది మా అమ్మ. అమ్మకి చెక్ భాష రాదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. అమ్మకి వచ్చింది పంచాంగం చూడ్డం. ఆ గడియారం మీద పన్నెండు రాశుల చక్రం ఉంది. ఆ చక్రం మీద ఒక బంగారు సూర్యుడు, ఒక చంద్రుడు తిరుగుతుంటారు. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడి కళ ఎంతో చెప్పే యంత్రం అది. కింద ఇంకో చక్రం. అందులో మేషం, వృషభం, మిథునం బొమ్మలు విడివిడిగా గుండ్రటి గళ్ళలో. వాటి చుట్టూ నెలనెలా రైతు చేసే పనులు, దుక్కి దున్నడం, కోత కోయడం. యోసెఫ్ మానెస్ అనే చిత్రకారుడు 1866లో వేశాడు. ఇప్పుడు గోడ మీద ఉన్నది దాని నకలు.

అమ్మ ఆ బొమ్మల వరస చూసి, పై చక్రంలో గుర్తులతో సరిచూసుకుని, ఉన్నట్టుండి అంది: "ఇదేమిటే, ఇప్పుడు సూర్యుడు వృషభంలో కదా ఉండాలి. వీళ్ళు మిథునంలో చూపిస్తున్నారే!"

అప్పుడు మే నెలాఖరు. అమ్మ లెక్క తప్పలేదు. గడియారమూ తప్పలేదు. వాళ్ళు సూర్యుడి దారిని వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే బిందువు నుంచి కొలుస్తారు. మన పంచాంగం నక్షత్రాల్ని బట్టి కొలుస్తుంది. ఈ రెండు లెక్కలకీ మధ్య ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. మనవాళ్ళు దాన్నే అయనాంశ అంటారు. అందుకే వాళ్ళ సూర్యుడు మార్చి 21 ప్రాంతాల మేషంలోకి వస్తే మన సూర్యుడు ఏప్రిల్ 14కి వస్తాడు. ఈ సంగతి నాన్న పాపకి నేల మీద వేలితో గీసి చూపించారు.

ఇంకో విశేషం. ఆ గడియారానికి బయట ఒక చక్రం ఉంది. అది పాత బొహీమియా కాలాన్ని చూపిస్తుంది. ఆ రోజుల్లో వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. పొద్దుగుంకిన దగ్గర్నుంచి ఒకటి, రెండు అని 24 గంటలు లెక్క. మన పంచాంగంలో సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెడతాం. వాళ్ళు పొద్దుగుంకిన దగ్గర్నుంచి, మనం పొద్దుపొడిచిన దగ్గర్నుంచి. పొద్దు రోజూ ఒకే వేళకి గుంకదు కదా, అందుకని ఆ చక్రం దానికి తగ్గట్టు జరుగుతూ ఉంటుంది. ఆరువందల ఏళ్ళ కింద ఇనుముతో ఈ లెక్క కట్టారు. నాన్న ఇంజనీరు కదా, చాలాసేపు కదల్లేదు.

ఆ గడియారానికి ఒక కథ చెబుతారు. హనుష్ అనే పనివాడు దాన్ని చేశాడనీ, ఇంకో ఊరికి ఇలాంటిది చెయ్యకూడదని ఊరి పెద్దలు అతని కళ్ళు పొడిపించారనీ. వినగానే మా పాప అంది, "తాజ్‌మహల్‌కి కూడా ఇలాగే చెప్తారు కదమ్మా, చేతులు నరికించాడని." నిజమే. గొప్ప పని కనిపించిన చోటల్లా జనం ఇలాంటి కథ ఒకటి అల్లుతారు. అసలు సంగతి ఏమిటంటే దాన్ని చేసింది కదాన్ ఊరివాడు మికులాష్ అనే గడియారాల పనివాడు. లెక్కలు కట్టిన పండితుడు యాన్ షిందెల్. వాళ్ళ కళ్ళు ఎవరూ పొడవలేదు. ఆ గడియారం నిజంగా దెబ్బతిన్నది 1945 మే నెలలో. ప్రాగ్ జనం జర్మన్ సైన్యం మీద తిరగబడ్డ రోజుల్లో ఆ భవనానికి నిప్పంటుకుంది. చెక్క శిష్యులు కాలిపోయారు. కొత్తవి చెక్కి 1948లో గడియారాన్ని మళ్ళీ నడిపించారు. ఈ రెండో కథే పిల్లలకి చెప్పండి. అదే నిజం.

ఆ గడియారం పక్కనే, ఆ భవనం ముందు, నేల మీదికి చూడండి. రాళ్ళలో తెల్లటి శిలువ గుర్తులు పరిచి ఉన్నాయి. 27. వేలమంది వాటి మీదుగా నడిచి వెళ్తారు, చూడరు. 1621 జూన్ 21న ఆ చోట 27 మందికి మరణశిక్ష వేశారు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మీద తిరగబడ్డ చెక్ ప్రభువులు, పురజనులు. వాళ్ళలో పన్నెండుమంది తలల్ని వంతెన గోపురానికి వేలాడదీశారు. పదేళ్ళు అలాగే ఉంచారు. అదే చౌకులో యాన్ హుస్ విగ్రహం కూడా ఉంది. చర్చిలో అవినీతిని ఎదిరించినందుకు 1415లో సజీవదహనం చేసిన గురువు. సరిగ్గా అయిదువందల ఏళ్ళకి, 1915లో, జనం విగ్రహం పెట్టుకున్నారు.

చూశారా? తల పైకెత్తితే ముచ్చటైన గడియారం. తల దించితే 27 శిలువలు. రెండూ ఒకే చోట. అందుకే అంటున్నాను, అందం చూపించండి, బాధ కూడా చూపించండి.

తలలు వేలాడదీసిన ఆ వంతెన చార్లెస్ వంతెన. వ్ల్తావా నది మీద రాతి వంతెన. పెందలాడే, ఆరింటికల్లా వెళ్ళండి. వేసవిలో అక్కడ అయిదింటికే తెల్లారిపోతుంది. పదయ్యాక వెళ్తే జనం తప్ప వంతెన కనిపించదు. ముందున్న వంతెన 1342 వరదలో కొట్టుకుపోతే నాలుగో చార్లెస్ చక్రవర్తి దీనికి శంకుస్థాపన చేశాడు. దానికి పెట్టుకున్న ముహూర్తం చాలా బాగుంటుంది. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు అంటారు. వరసగా అంకెలు చదవండి. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, ఏడు, అయిదు, మూడు, ఒకటి. ఎటునుంచి చదివినా ఒకటే. మళ్ళీ చెప్తాను, కాగితం మీద రాసుకోండి: 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. మా బాబు ఆ రోజంతా దాన్నే వల్లెవేశాడు.

సున్నంలో కోడిగుడ్లు కలిపారని ఒక కథ. ఊరూరి నుంచీ గుడ్లు పంపమంటే ఒక ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారట! మన పాత కట్టడాల సున్నంలో బెల్లమూ కరక్కాయా కలిపేవారని నాన్న పిల్లలకి చెప్పారు.

వంతెనకి రెండు పక్కలా 30 విగ్రహాలు. అన్నీ చూడక్కర్లేదు. ఒక్కటి చూడండి, నెపోముక్ యాన్ విగ్రహం. ఆయన ఒక మతగురువు. రాజుకి కోపం వచ్చి 1393లో ఆయన్ని ఈ వంతెన మీద నుంచే నదిలోకి తోయించాడు. విగ్రహం కింద కంచు ఫలకాన్ని వచ్చినవాళ్ళందరూ తాకుతారు. తాకిన చోట మాత్రం బంగారంలా మెరుస్తుంది, తక్కినదంతా నల్లగా ఉంటుంది.

వంతెన దాటి కొంచెం ముందుకు వెళ్తే ఒక చర్చి. అందులో బాలయేసు. బెంగుళూరు వివేక్‌నగర్‌లో ఇన్‌ఫంట్ జీసస్ గుడికి వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. ఆ రూపానికి మూలం ఇక్కడుంది. మూర కంటే కాస్త పెద్దది, 47 సెంటీమీటర్లు. మైనం పూసిన బొమ్మ. స్పెయిన్ నుంచి ఇక్కడికి వచ్చింది. 1628లో పొలిక్సేనా అనే దొరసాని ఈ చర్చిలోని సన్యాసులకి ఇచ్చింది. పండగని బట్టి ఆ బాలుడికి బట్టలు మారుస్తారు. దేశదేశాల నుంచి వచ్చిన బట్టలు పైన ఒక గదిలో దాచి ఉంచారు. మా అమ్మ రోజూ గుడికి వెళ్ళే మనిషి. ఆ జరీ బట్టలన్నీ చూసి, "మన ఉత్సవమూర్తికి అలంకారం మార్చినట్టే మారుస్తున్నారే" అని, లెంపలేసుకుని, దణ్ణం పెట్టుకుంది.

తిండి గురించి రెండు మాటలు. శాకాహారులకి బంగాళాదుంపల సూపు దొరుకుతుంది. జున్నుముక్కకి పిండి పట్టించి నూనెలో వేయించి ఇస్తారు, పిల్లలకి బాగా నచ్చుతుంది. డబ్బు యూరోలు కావు, కొరూనాలు. మా మరదలు పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టింది, నది ఒడ్డున బెంచీల మీద తిన్నాం. అంతకంటే మంచి భోజనం ఆ ప్రయాణంలో ఇంకోటి లేదు.

కొండ మీద కోట గురించి ఎక్కువ చెప్పను. ట్రాము 22 ఎక్కితే పైదాకా తీసుకెళ్తుంది. ఆవరణలో సెయింట్ వైటస్ కెథెడ్రల్. 1344లో పునాది వేస్తే 1929కి పూర్తయింది. దాదాపు ఆరువందల ఏళ్ళు. మొదటి రాయి పెట్టినవాడి ఊహకి కూడా ఆఖరి రాయి పెట్టినవాడు అంది ఉండడు.

ఇప్పుడు నేను చాలాసేపు ఆగిన చోటికి వస్తాను. యూదుల పేట. అందులో పింకస్ ప్రార్థనామందిరం. పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళాలా వద్దా అని మా ఇంట్లో ముందురోజు రాత్రి మాట్లాడుకున్నాం. "బాబు మరీ చిన్నవాడు కదా" అన్నారు మావారు. "చిన్నవాళ్ళకి చెప్పే పద్ధతిలో చెప్పు, చెప్పడం మాత్రం మానకు" అన్నారు నాన్న. తీసుకెళ్ళాం.

లోపల బొమ్మలు లేవు, విగ్రహాలు లేవు. గోడలు. గోడల నిండా పేర్లు. చేత్తో రాసినవి. ఇంటిపేరు ఎర్రరంగులో, పేరూ పుట్టిన తేదీ నల్లరంగులో. ఆ పక్కన, ఆ మనిషి బతికి ఉన్నాడని తెలిసిన ఆఖరి తేదీ. ఒక పేరు అయిపోయిన వెంటనే ఇంకో పేరు. ఇలా దాదాపు 80,000 మంది. హిట్లర్ పాలనలో చంపేసిన బొహీమియా, మొరావియా యూదులు. ఈ అంకె ఒకసారి విని మర్చిపోతాం. కానీ గదిలోంచి గదిలోకి నడుస్తూ ఉంటే గోడ అవదు. పాప తన పుట్టినరోజున పుట్టిన పిల్ల పేరు కోసం వెతికింది. దొరికింది.

ఈ పేర్లు మొదట 1950లలో రాశారు. 1968 తర్వాత ఆ మందిరాన్ని మూసేశారు. తేమకి గోడలు పాడై పేర్లు చెరిగిపోయాయి. ప్రభుత్వం మారాక, 1990లలో, మళ్ళీ మొదటి నుంచీ ఒక్కొక్క పేరే రాశారు. చెరిగిపోతే మళ్ళీ రాశారు. ఆ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. చెరిగిపోతే మళ్ళీ రాశారు.

పైఅంతస్తులో పిల్లలు వేసిన బొమ్మలు ఉన్నాయి. ప్రాగ్‌కి ఉత్తరాన 60 కిలోమీటర్ల దూరంలో తెరెజీన్ అనే కోట ఊరు ఉంది. యుద్ధకాలంలో యూదుల్ని అక్కడ కుక్కి, అక్కణ్ణించి రైళ్ళలో చావుకి పంపేవారు. మేము డ్రెస్డెన్ నుంచి వచ్చిన రైలు ఆ ఊరికి దగ్గర్లోంచే వచ్చింది. ఆ నిర్బంధంలో ఫ్రీదెల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకి రహస్యంగా బొమ్మలు వెయ్యడం నేర్పింది. కాగితం దొరకదు. రంగులు దొరకవు. దొరికిన చింపిరి కాగితాల మీదే వేయించింది. ప్రతి పిల్లా పిల్లాడూ బొమ్మ మీద తమ పేరు రాయాలి, అది ఆమె పెట్టిన నియమం. 1944లో ఆమెనీ ఔష్విట్స్‌కి పంపేశారు. వెళ్ళేముందు రెండు పెట్టెల్లో సుమారు 4,500 బొమ్మలు దాచిపెట్టింది. ఆమె తిరిగి రాలేదు. పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు. బొమ్మలు మిగిలాయి. ఇల్లు, పూలు, భోజనం బల్ల, పడక.

బాబుకి నేను చెప్పింది ఇంతే: "వీళ్ళు నీలాంటి పిల్లలు. వీళ్ళని ఇంట్లోంచి తీసుకుపోయారు. మళ్ళీ ఇంటికి రానివ్వలేదు. ఒక టీచరు వీళ్ళ బొమ్మలు దాచింది." వాడు చాలా ప్రశ్నలు అడిగాడు. ఎందుకు తీసుకుపోయారు? వాళ్ళేం చేశారు? ఏమీ చెయ్యలేదు నాన్నా, అన్నాను. ఏమీ చెయ్యకపోతే ఎందుకు తీసుకుపోయారు? దీనికి జవాబు పెద్దవాళ్ళమంతా కలిసి వెతకాల్సిందే. పిల్లాడు ఆ ప్రశ్న అడగాలి. అడిగేందుకు వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాలి. నేను నమ్మేది అదే.

ఆ పక్కనే పాత శ్మశానం. చోటు చాలక పాత సమాధుల మీదే మట్టి పోసి కొత్తవి కట్టారు. కొన్నిచోట్ల పన్నెండు పొరలు. సుమారు 12,000 రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. రాళ్ళ మీద సింహం, జింక, చేప బొమ్మలు. అవి ఆ మనిషి పేరుకి గుర్తులు. పిల్లలు వెతికి వెతికి చూస్తారు. అక్కడ పూలు పెట్టరు, సమాధి మీద చిన్న గులకరాయి పెడతారు.

ఊళ్ళో నడిచేటప్పుడు ఇళ్ళ గుమ్మాల ముందు అక్కడక్కడా చిన్న ఇత్తడి బిళ్ళలు కూడా కనిపిస్తాయి. ఈ ఇంట్లో ఫలానా మనిషి ఉండేవాడు, ఫలానా ఏడు పుట్టాడు, ఇక్కణ్ణించి తీసుకుపోయారు అని. మా పాప వాటిని కాలితో తొక్కకుండా పక్కకి తప్పుకుని నడవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

ఆఖరుగా వెన్సెస్లాస్ చౌకు. పేరుకి చౌకు గానీ పొడవాటి వెడల్పాటి వీధి అది. ఎగువన మ్యూజియం, దాని ముందు గుర్రం మీద వెన్సెస్లాస్. ఆ వీధిలోనే బాటా భవనం ఉంది, 1929 నాటిది, ముందంతా గాజు. నాన్న దాని ముందు నిలబడి, తన చిన్నప్పటి బాటా ధరల లెక్కలు చెప్పారు పిల్లలకి.

మ్యూజియం ముందు నేలలోంచి ఒక కంచు శిలువ పైకి లేస్తున్నట్టు ఉంటుంది. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ఈ ఊళ్ళోకి వచ్చాయి. దానికి నిరసనగా 1969 జనవరి 16న యాన్ పలాక్ అనే విద్యార్థి ఇక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడు. మూడు రోజుల తర్వాత చనిపోయాడు. నాన్న ఫ్యాక్టరీలో చేరినప్పుడు, ఆ దేశంలో శిక్షణ పొంది వచ్చిన పెద్ద ఇంజనీర్లు ఉండేవారట. ఆ రోజుల గురించి అడిగితే వాళ్ళు మాట మార్చేవారట. "అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది" అన్నారు నాన్న.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 1989 నవంబరులో ఇదే వీధి జనంతో నిండిపోయింది. వాళ్ళ చేతుల్లో ఆయుధాలు లేవు. ఇంటి తాళంచెవులున్నాయి. లక్షలమంది ఒక్కసారిగా తాళంచెవుల గుత్తులు పైకెత్తి ఆడించారు. మీ అరచేతిలో ఉన్న తాళంచెవుల చప్పుడు ఒకసారి వినండి. దాన్ని కొన్ని లక్షలు చెయ్యండి. మీ కాలం అయిపోయింది, ఇంటికి వెళ్ళండి అని కమ్యూనిస్టు పాలకులకి చెప్పిన పద్ధతి అది. ఆ డిసెంబరు ఆఖరుకి నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు.

రేడియో వింటున్న మీకు ఇంకొక్క చోటు చెప్పకుండా ఉండలేను. మ్యూజియం వెనకనుంచి పైకి నడిస్తే వినోహ్రాద్‌స్కా వీధి. నంబరు 12. చెక్ రేడియో భవనం. చెక్ రేడియో 1923 మే 18న ఒక గుడారంలో మొదలైంది, నిజంగా గుడ్డ గుడారం. అలాంటి రేడియో కోసం జనం రెండుసార్లు ప్రాణాలిచ్చారు. 1945 మే 5న ఇక్కడి ఉద్యోగులు జర్మన్ భాష మానేసి చెక్ భాషలోనే మాట్లాడ్డం మొదలుపెట్టారు. సైనికులు లోపలికొచ్చారు. మమ్మల్ని కాపాడండి అని రేడియోలో పిలుపు వెళ్ళింది. ఊరు ఊరంతా కదిలింది. తిరుగుబాటు మొదలైంది అలాగే. మళ్ళీ 1968లో, సోవియట్ ట్యాంకులు వస్తుంటే, జనం ఈ వీధికి అడ్డంగా బస్సులు పెట్టి నిలబడ్డారు. భవనం సైన్యం చేతిలోకి పోయింది. కానీ ప్రసారం ఆగలేదు. రహస్యంగా వేరే చోట్ల నుంచి రోజుల తరబడి మాట్లాడుతూనే ఉన్నారు.

గోడ మీద చనిపోయినవాళ్ళ పేర్లతో ఫలకాలు ఉన్నాయి. పర్యాటకులు అక్కడికి పెద్దగా రారు. మీరు ప్రాగ్ వెళ్తే అక్కడికి వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆ పేర్లు వాళ్ళ చేత కూడబలుక్కుని చదివించండి.